మ్యూనిక్ స్థలపురాణం

బ్లూస్ రాక్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరి పీటర్ గ్రీన్ పేరెత్తారంటే, మూడో నిమిషానికల్లా మ్యూనిక్ వచ్చి తీరుతుంది. 1970 మార్చిలో, ఆయన గిటార్ వాయించే ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందం యూరప్ పర్యటనలో ఉండగా, ఆ ఊరి దగ్గర ఓ కమ్యూన్‌లో జరిగిన పార్టీకి గ్రీన్ వెళ్లాడు. అక్కడ ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు. ఇంతవరకూ చరిత్ర. ఇక్కణ్నుంచి పురాణం. లోపలికి వెళ్లినవాడు ఒకడట, బయటికొచ్చినవాడు ఇంకొకడట. ఆ రాత్రి అక్కడ ఆయన వాయించిన సంగీతం టేపు మీద ఎక్కడో భద్రంగా ఉందట. దాన్ని విన్నవాళ్లెవరూ కనపడరు గానీ, అది మహాద్భుతం అన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

పురాణమన్నాక శాపం ఉండాలిగా. అప్పట్లో ఆ బృందంలో గిటార్ పట్టుకున్న ముగ్గురూ దెబ్బతిన్నారు కాబట్టి అది ఫ్లీట్‌వుడ్ మ్యాక్ గిటారిస్టుల శాపం. జెరెమీ స్పెన్సర్ 1971లో లాస్ ఏంజెలస్‌లో అలా బయటికెళ్లి వస్తానని చెప్పి, చిల్డ్రన్ ఆఫ్ గాడ్ అనే మతబృందంలో కలిసిపోయాడు. డానీ కిర్వన్ తాగుడుకి బానిసై 1972లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఒకరిది మతం, ఒకరిది మద్యం, ఒకరిది జబ్బు. మూడింటికీ కలిపి ఒకే చీటీ మీద శాపం అని రాసిచ్చేశారు మన వైద్యశిఖామణులు. అసలు వైద్యులు గ్రీన్‌కి రాసింది స్కిజోఫ్రీనియా. మగవాళ్లలో అది బయటపడేది సాధారణంగా ఇరవైకి కాస్త అటూ ఇటూగానే. గ్రీన్‌కి అప్పుడు ఇరవై మూడు. మత్తుమందు ఆ నిప్పుకి గాలి ఊది ఉండొచ్చు, కాదనను. కానీ ఈ మాటంటే కథలో పస పోతుంది. జబ్బుకి అభిమానులుండరు, శాపానికి ఉంటారు.

సరే, కథలు చెప్పుకోనివ్వండి, ఎవరికి నష్టం అంటారా? నష్టం ఆ కథ చివర అతికించే సూత్రంతో: బాధపడ్డవాడి వేళ్లకే బ్లూస్ పలుకుతుంది, మతి చెదిరింది కాబట్టే ఆ గిటార్ అలా ఏడ్చింది. చాలా లోతైన మాటలా వినిపిస్తుంది. పక్కన క్యాలెండర్ లేకపోతే.

క్యాలెండర్ ఏమంటుందో చూద్దాం. లండన్ బెత్నల్ గ్రీన్‌లో 1946లో పుట్టిన ఈ కుర్రాడు, 1966లో ఎరిక్ క్లాప్టన్ వదిలేసిన కుర్చీలో, జాన్ మేయల్ బ్లూస్‌బ్రేకర్స్‌లో కూర్చున్నాడు. క్లాప్టన్‌ని దేవుడంటూ లండన్ గోడలమీద రాతలు వెలసిన రోజులవి. మరుసటి ఏడాది వచ్చిన ‘ఎ హార్డ్ రోడ్’ ఆల్బమ్‌లో ‘ది సూపర్‌నేచురల్’ అని మాటల్లేని ముక్క ఒకటి వాయించాడు. ఒక్క స్వరం పట్టుకుంటాడు, వదలడు. తీగమీద వేలు సన్నగా ఊగుతుంటుంది, అంతే. ఆంప్లిఫయర్ నుంచి తిరిగొచ్చే ఫీడ్‌బ్యాక్ ఆ స్వరాన్ని ఆరిపోకుండా నిలబెడుతుంది. స్పీకర్‌కి ఎంత దూరంలో నిలబడాలో, వాల్యూమ్ ఎంతవరకు తిప్పాలో, అన్నిటికీ మించి తర్వాతి స్వరం ఎప్పుడు వాయించకూడదో తెలిసినవాడి పని అది. ఇరవై ఏళ్లవాడు! బి.బి. కింగ్ అంతటివాడు తనకి చెమటలు పట్టించినవాడు గ్రీన్ ఒక్కడేనన్నాడు. పిచ్చి చూసి పట్టిన చెమటలు కావవి.

‘బ్లాక్ మ్యాజిక్ ఉమన్’, ‘ఆల్బట్రాస్’ 1968వి. ‘మ్యాన్ ఆఫ్ ద వరల్డ్’, ‘ఓ వెల్’ 1969వి. అన్నీ మ్యూనిక్‌కి ముందువే. మరి ఆ తర్వాత? ఆసుపత్రులు, కరెంటు షాకులు, మగతలో ముంచే మందులు. కొన్నాళ్లు సమాధులు తవ్వే పని చేశాడు. 1970 చివర వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ ద గేమ్’ తర్వాత మళ్లీ 1979 దాకా ఆయన సొంత ఆల్బమ్ ఒక్కటీ లేదు. బాధే సంగీతం పలికిస్తే, ఆ తొమ్మిదేళ్లలో అల్మరా నిండిపోవాలి గదా! సూత్రం అంత గట్టిదైతే, జబ్బు ముదిరేకొద్దీ గిటార్ ఎందుకు మూగబోయిందో ఎవరైనా చెబితే వినాలనుంది.

చెప్పరు. ‘ది గ్రీన్ మనలీషి’ అనే ఆయన పాట గురించి చెబుతారు. అది ఎల్‌ఎస్‌డీ పాటని వీళ్ల తీర్పు. రాసినవాడేమో అది డబ్బు గురించి రాశానన్నాడు, డబ్బే దయ్యమై కలలోకి వచ్చిందన్నాడు. వచ్చిన సంపాదన దానం చేసేద్దామని తోటివాళ్లని బతిమాలిన మనిషి కాబట్టి నమ్మదగిన మాటే. అయినా అభిమాని ఒప్పుకోడు. “ఆయనకేం తెలుసు బాస్, పాపం!” అంటాడు. దేవుడని దండం పెట్టేదీ ఆ నోరే, మతిలేనివాడని మాట కొట్టేసేదీ ఆ నోరే. 1977లో తుపాకీతో అకౌంటెంట్‌ని బెదిరించాడని ఆయన్ని అరెస్టు చేశారు. మానసిక చికిత్సకి పంపాల్సిన స్థితి అది. అభిమానుల కూటమిలో మాత్రం చెప్పినప్పుడల్లా తుపాకీ ఓ అంగుళం పొడుగవుతుంది, నవ్వులు మూరెడు పెరుగుతాయి.

గిటార్ ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. ఆయన 1959 నాటి లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉంది. స్విచ్చి మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపితే, ముక్కుతో పాడినట్టు పల్చటి, బోలు శబ్దం వస్తుంది. తిరగబెట్టింది ఫ్యాక్టరీయా, రిపేరు బల్లా అన్నదానిమీద మరో పురాణం ఉంది. గ్రీన్ దాన్ని గిటారిస్టు గ్యారీ మూర్‌కి, మూర్ తన పాత ఎస్‌జీ గిటార్ అమ్మితే వచ్చినంత సొమ్ముకే ఇచ్చేశాడు. ఇప్పుడది మెటాలికా గిటారిస్టు కర్క్ హ్యామెట్ దగ్గరుంది. 2023లో గిబ్సన్ కంపెనీ దానికి నకళ్లు తెచ్చింది, తిరగబడ్డ అయస్కాంతంతో సహా. ఒకనాటి పొరపాటుని పొల్లుపోకుండా తయారుచేసి అమ్ముతున్నారు. “ఆ సౌండు ఆత్మలోంచి వచ్చింది” అనే పెద్దమనుషులే క్యూలో నిలబడి అయస్కాంతం కొంటున్నారు. అదే గిటార్‌తో మూర్ 1995లో ‘బ్లూస్ ఫర్ గ్రీనీ’ ఆల్బమ్ తెచ్చాడు. దానికోసం ఆయనేమీ మ్యూనిక్ వెళ్లిరాలేదు.

1990ల్లో గ్రీన్ స్ప్లింటర్ గ్రూప్‌తో మళ్లీ వేదికెక్కాడు. రాబర్ట్ జాన్సన్ పాటలు తీరిగ్గా, నెమ్మదిగా వాయించుకున్నాడు. జబ్బుతో ఏళ్లతరబడి పెనుగులాడిన మనిషి గిటార్ మళ్లీ చేతికి తీసుకోవడమే గొప్ప అనుకుంటాం మనం. టికెట్టు కొన్నవాళ్లలో కొందరికి అది చాల్లేదు. పాత నిప్పు లేదని పెదవి విరిచారు. నాశనమైన మేధావిని చూద్దామని వెళ్తే, లావెక్కిన పెద్దమనిషి ప్రశాంతంగా బ్లూస్ పాడుతున్నాడాయె. మోసపోయామన్నట్టే మాట్లాడారు.

గ్రీన్ 2020 జులై 25న, 73 ఏళ్ల వయసులో, నిద్రలో కన్నుమూశాడు. అభిమానులు మాత్రం అప్పటికే యాభై ఏళ్లుగా, బతికున్న మనిషికి ఏటేటా తద్దినం పెడుతూనే ఉన్నారు.