యుద్ధాలను పోల్చాలా? ఇలా కానివ్వండి

వియత్నాం ఘోరమా, ఇరాక్ ఘోరమా అన్న వాదన ఎక్కడైనా మొదలవుతుంది. టీవీ స్టూడియోలో మొదలవుతుంది, పార్కు బెంచీ మీద మొదలవుతుంది. డల్లాస్‌లో కొడుకింటికి వెళ్లిన పెద్దాయనకీ, పక్కింట్లో ఉండే రిటైర్డ్ అమెరికన్ సైనికుడికీ మధ్య కూడా మొదలవుతుంది. అప్పుడు తడుముకోకుండా ఉండేందుకే ఈ చిట్కాలు. వీటిని పాటిస్తే ఏ యుద్ధం గురించీ ఏమీ తెలుసుకోకుండానే నెగ్గుకు రావచ్చు.

ముందు భూగోళం ఎత్తుకోండి. "అది అడవి, ఇది ఎడారి, పోలికేమిటండీ?" అనండి. సగం మంది అక్కడే లేచి టీకి వెళ్లిపోతారు.

మిగిలేది మొండివాళ్లు. యుద్ధం అసలు ఎలా మొదలైందని అడుగుతారు. ఆ జోలికి పోనివ్వకండి. పోనిస్తే 1964 ఆగస్టు బయటపడుతుంది. టాంకిన్ సింధుశాఖలో ఆ నెల 2న అమెరికా యుద్ధనౌక మడాక్స్ మీదికి ఉత్తర వియత్నాం పడవలు వచ్చిన మాట నిజమే. 4న మళ్లీ దాడి జరిగిందన్నారు చూడండి, అది మాత్రం జరగనే లేదు. తుఫాను రాత్రి రాడార్ మీద ఏవో మెరిశాయి, అంతే. మూడు రోజులు తిరక్కుండానే అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్సన్‌కు యుద్ధాధికారం కట్టబెట్టింది. ప్రతినిధుల సభలో 416 మంది సరేనన్నారు, వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది సరేనంటే ఇద్దరు వద్దన్నారు: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఈ పేర్లు మీ నోట రాకూడదు. పొరపాటున వస్తే, 1968లో ఇద్దరూ సీట్లు పోగొట్టుకున్నారు కాబట్టి వాళ్లదే తప్పని వాదించండి. ఆ తీర్మానాన్ని 1971 జనవరిలో రద్దు చేశారనీ, ఆ తర్వాత రెండేళ్లు యుద్ధం సాగిందనీ ఎవరికీ గుర్తుండదు లెండి.

ఎదుటివాడు ఊరుకుంటాడా, అక్కణ్నుంచి నేరుగా 2003 ఫిబ్రవరి 5కు వచ్చేస్తాడు. ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయంటూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఓ చిన్న సీసా ఎత్తి చూపించిన రోజది. ఆయన చెప్పిన ఆయుధాలు ఇరాక్‌లో దొరకలేదు. మీరు మాత్రం "అప్పట్లో అందరూ నమ్మారండీ" అని నిట్టూర్చండి. అంతకు నాలుగు నెలల ముందు అమెరికా కాంగ్రెస్‌లో యుద్ధ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసిన 133 మంది ప్రతినిధులనూ 23 మంది సెనేటర్లనూ ఆ అందరిలో కలపకండి. ఫిబ్రవరి 15న యుద్ధం వద్దంటూ లండన్, రోమ్ వీధులు నింపేసిన లక్షల జనాన్ని అసలే కలపొద్దు. తప్పుగా నమ్మినవాళ్లే మన లెక్కలో అందరూ.

తర్వాత శవాల లెక్క. ఇందులో మాత్రం జాగ్రత్త అవసరం. అమెరికన్లను మాత్రమే లెక్కపెట్టండి. వియత్నాంలో 58 వేలు, ఇరాక్‌లో సుమారు నాలుగున్నర వేలు. భాగహారం చేసి, "కొత్త యుద్ధం పదమూడు రెట్లు నయం" అని తీర్పు చెప్పండి. 20 లక్షల మంది పౌరులు, 11 లక్షల మంది యోధులు పోయారని 1995లో వియత్నాం ప్రభుత్వం ప్రకటించిన సంగతి ఎవరైనా తెస్తే, వినపడనట్టు నటించండి. ఇరాక్ పౌరుల విషయంలో పొదుపుగా లెక్కేసినవాళ్లు కూడా లక్ష దాటించారు, అదీ వినపడకూడదు. వాషింగ్టన్‌లోని నల్లరాతి గోడ మీద వియత్నాంలో చనిపోయిన అమెరికన్ల పేర్లన్నీ చెక్కారు. 1995 ప్రకటనలోని వియత్నామీల పేర్లు కూడా చెక్కాలంటే అలాంటి గోడలు యాభైకి పైగా కావాలి. అంత రాయి ఎక్కణ్నుంచి తెస్తాం?

ఇప్పుడు కుర్రకారును తిట్టే సమయం. "ఆ తరం వీధుల్లోకొచ్చి పోరాడింది. వీళ్లు ఫోన్లలోంచి తలెత్తరు" అనండి, చప్పట్లు ఖాయం. అప్పుడు నిర్బంధ సైనిక భర్తీ ఉండేదని మాత్రం చెప్పకండి. 1969 డిసెంబరు 1న పుట్టినరోజులతో లాటరీ తీశారు. ఏడాదిలో ఎన్ని తేదీలున్నాయో అన్ని చీటీలు, నీలిరంగు ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి, గాజు పాత్రలో పోసి, టీవీలో జనమంతా చూస్తుండగా. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. ఆ రోజు పుట్టిన కుర్రాడికి యుద్ధమంటే విదేశాంగ విధానం కాదు, ఇంటికొచ్చే కాగితం. 1973లో ఆ భర్తీ ఆగిపోయింది. ఇరాక్‌కు వెళ్లింది స్వచ్ఛందంగా చేరిన సైనికులు, అదీ వాళ్లనే మళ్లీమళ్లీ పంపారు. మిగతా దేశం ఎప్పట్లాగే షాపింగ్‌కు వెళ్లింది. చట్టం మారడం వల్ల వచ్చిన తేడాను తరం చెడిపోవడం వల్ల వచ్చినట్టు చూపించడం ఈ విద్యలో అసలు కిటుకు. నాకు బాగా నచ్చినదీ ఇదే.

ముగింపుకు, మేడ మీంచి జనాన్ని ఎక్కించుకుంటున్న హెలికాప్టర్ ఫొటో తప్పనిసరి. 1975 ఏప్రిల్ 29న సైగాన్‌లో హ్యూబర్ట్ వాన్ ఎస్ తీసినది. దాన్ని అమెరికా ఎంబసీ మేడ అనే చెప్పండి, అందరూ అలాగే అంటారు. నిజానికది సీఐఏ ఉద్యోగులుండే అపార్ట్‌మెంటు. అఫ్ఘానిస్థాన్ యుద్ధం ముగించేటప్పుడు, అలాంటి దృశ్యం కాబూల్‌లో కనపడదని 2021 జులైలో అధ్యక్షుడు బైడెన్ హామీ ఇచ్చారు. ఆగస్టు 15న కాబూల్ ఎంబసీ మీద హెలికాప్టర్లు తిరిగాయి. ఇక్కడ మీరు భూగోళానికి తిరిగి వెళ్లొచ్చు: అది అడవి, ఇది కొండలు.

ఒక్క ప్రమాదం మిగిలింది. "మనకూ ఒక వియత్నాం ఉంది కదండీ" అని ఎవరో ఒకరు అంటారు. వెంటనే క్రికెట్‌ ఎత్తండి. లేకపోతే శ్రీలంక వస్తుంది. 1987 జులైలో శాంతి సేన పేరుతో వెళ్లిన మన సైన్యం అక్టోబరుకల్లా ఎల్టీటీఈతో యుద్ధంలో దిగింది. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవుకు చేరినప్పుడు, తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి వెళ్లలేదు. సుమారు 1,200 మంది జవాన్లు అక్కడే పోయారు. ఆ రెండున్నరేళ్లలో చనిపోయిన తమిళ పౌరులెందరో, అన్ని పక్షాలూ ఒప్పుకునే లెక్క ఇప్పటికీ లేదు.