మూడో ప్రమాద హెచ్చరిక

మా సారపాకలో మగవాడు కనపడితే ముందు అడిగేది "ఏ షిఫ్టు?" అని. పేపరు మిల్లు ఊరు కదా, ఏ, బీ, సీ, జనరల్‌లో ఏదో ఒకటి చెబితే పరువు దక్కుతుంది. నేను చెప్పలేను. నాది జిరాక్స్ షాపు. మిగతా వేళల్లో పాట రాసి, బాణీ కట్టి, నేనే పాడి, నేనే యూట్యూబులో పెట్టుకుంటాను. ఇది స్వతంత్ర సంగీతమని మా మామగారికి ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, "మరి జీతం ఎవరిస్తరు అల్లుడూ?" అన్నాడు.

క్రమశిక్షణకు నా దగ్గర కొదవ లేదు. రాత్రి పడుకోబోయే ముందు అది పుష్కలంగా ఉంటుంది. తెల్లవారుజామున సాధన చేద్దామని నాలుగింటికి అలారం పెడతాను. అది మోగితే మా ఆవిడ లేస్తుంది. లేచినందుకు వాకిలి ఊడ్చి, ఇడ్లీ పిండి కలిపి, పిల్లల డబ్బాలు సర్దుతుంది. నా సాధన వల్ల ఆమెకు పని త్వరగా తెములుతోందన్నది నా వాదన.

అన్నమయ్య రోజుకు ఒక సంకీర్తనకు తగ్గకుండా 32 వేలు రాశాడని చెబుతారు. ఈ ముక్క ఆవిడ ముందు అనకుండా ఉండాల్సింది. "ఆయన భార్య తిమ్మక్క కూడా సుభద్రా కల్యాణం రాసిందటగా. ఆమెకు వంట ఎవరు చేసిపెట్టారో కనుక్కొని చెప్పండి" అంది.

ఇక నా స్టూడియో. బీరువా తలుపులు తీసి, పట్టుచీరల మధ్యకు మైకు దూర్చి పాడతాను. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఖర్చు లేని కిటుకు, అందులో తిరుగులేదు. కాకపోతే ఆ కాసేపూ ఫ్యాను ఆపాలి, పిల్లలు కదలకూడదు, కుక్కర్ విజిల్ వెయ్యకూడదు. అన్నీ కుదిరి చరణం ఎత్తుకుంటే మెయిన్ రోడ్డు మీద జామాయిల్ కర్ర లారీ గేరు మారుస్తుంది. పాటకు ‘ఫైనల్’ అని పేరు పెట్టి దాచుకుంటాను. తర్వాత ‘ఫైనల్ కొత్తది’, ఆపైన ‘అసలు ఫైనల్’. "పాట అయిందా?" అని మా ఆవిడ అడిగితే "మిక్సింగులో ఉంది" అంటాను. "మిక్సీలో వేసినా ఈపాటికి చట్నీ అయ్యేది" అంటుంది.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా ఆవిడ కోపానికీ అవే కొలతలు. "ఏమండీ" అని సాగదీస్తే 43. "ఏందయ్యా ఇది" అంటే 48. ఏమీ అనకుండా గిన్నెలు గట్టిగా పెడుతుంటే 53 దాటినట్టు, లోతట్టువాళ్లు సామాను సర్దుకోవాలి. మైకు వాయిదాల మీద కొన్నానని తెలిసిన రోజు మా ఇంట్లో గిన్నెల మోత తప్ప మాట వినపడలేదు.

అవతలి ఒడ్డునే రాముడి గుడి ఉంది కాబట్టి రామదాసును అడ్డం పెట్టుకున్నాను. పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు ఉన్నాడని చెబుతారు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంత పట్టిందో కీర్తనలోనే లెక్క అప్పజెప్పాడు. నేనూ మైకు లెక్క పాట కట్టి చెబుతానన్నాను. "ఆయన బాకీ తీర్చడానికి రాముడొచ్చాడు. మీ వాయిదా కట్టడానికి ఎవరొస్తున్నారు?" అంది. ఆ నెల షాపు గల్లాపెట్టె వచ్చింది.

ప్రచారంలో మాత్రం నేను వెనకాడను. పాట పెట్టగానే లింకు బంధువుల గ్రూపుకు, బడి తల్లిదండ్రుల గ్రూపుకు, పెళ్లి సంబంధాల గ్రూపుకు కూడా వెళుతుంది. నాలుగు నిమిషాల పాటకు నాలుగు సెకన్లలో "సూపర్ బాబాయ్" అని జవాబొస్తుంది. యూట్యూబు ప్రకటనల్లో వాటా ఇవ్వాలంటే వెయ్యి మంది చందాదారులు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి. అంటే నా పాటను 60 వేల సార్లు మొదటి నుంచి చివరిదాకా వినాలి. స్పాటిఫై 2024 నుంచి ఏడాదికి వెయ్యి సార్లయినా వినని పాటకు పైసా లెక్కగట్టడం లేదు. మా వాళ్ల నాలుగు సెకన్లు కూడుకుంటూ పోతే రాయల్టీ నా మనవళ్లకు అందొచ్చు.

చేతిలో జిరాక్స్ మెషిన్ ఉండగా చింతెందుకని ప్రతి కాపీ కింద పాట క్యూఆర్ కోడ్ అచ్చేశాను. ఒకాయన కుల ధ్రువీకరణ పత్రం కాపీ మీద నా ప్రేమగీతం ఆఫీసుదాకా వెళ్లింది. వాళ్లు వినకుండానే తిప్పి పంపారు.

చివరికి పగ్గాలు మా ఆవిడ తీసుకుంది. శనివారం సాయంత్రానికి పాట, ఉన్నది ఉన్నట్టు, తన ఫోనులో ఉండాలి. మిక్సింగు మాట వినపడకూడదు. దాన్ని తన డ్వాక్రా సంఘం మీటింగులో వినిపిస్తుంది. వాయిదాలు కట్టి సంతకాలు పెట్టేదాకా అక్కడి నుంచి ఎవరూ లేవలేరు కనుక నా జీవితంలో పాట చివరిదాకా విన్న మొదటి శ్రోతలు వాళ్లే. విన్నాక ఒకావిడ అడిగిందట: "ఇందులో మేం చప్పట్లు ఎక్కడ కొట్టాలె? పల్లవి మా నోటికి అందదేంది?"

నా మైకు పట్టుకోలేని లోపం ఆమె చెవి పట్టుకుంది. బతుకమ్మ పాటలో ఒకరు చెబితే పదిమంది అందుకుంటారు. రామదాసు కీర్తన పల్లవి భజనలో కొత్తగా వచ్చి కూర్చున్నవాడి నోటికీ పడుతుంది. ఆయనకు ప్రచారం చేసిపెట్టింది ఆ నోళ్లే. గుంటూరు నుంచి తూము నరసింహదాసు వచ్చి భద్రాద్రిలో సేవలు నిలబెట్టినా, 1964లో నాగయ్య సినిమా తీసినా, బాలమురళీకృష్ణ పాడినా, 2006లో కీరవాణి మళ్లీ వినిపించినా, ఆ పాటలు జనం నోట అప్పటికే ఉన్నాయి. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య కోయ ఇలవేల్పుల గాథలు కంఠస్థంగా పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. జాతర వస్తే పాడాల్సిందే, అక్కడ ‘అసలు ఫైనల్’ ఉండదు.

అందుకని ఇప్పుడు శనివారం గడువుకు, పదిమంది అందుకునే పల్లవితో, కుక్కర్ విజిల్‌తో సహా పాట ఇస్తున్నాను. మీ చుట్టాల్లోనూ నాలాంటివాడు ఉండే ఉంటాడు. లింకు రాగానే దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి. పాట చివరిదాకా వినండి, ఎక్కడ బాలేదో మొహం మీదే చెప్పండి. మైకు ఎంతకు కొన్నావని మాత్రం వాళ్లావిడ ముందు అడగకండి.