ఓడలు బళ్లయినా మునిగేది వడ్రంగే

లండన్ బోట్ షో పోయిందని 2018 అక్టోబరులో కబురు తెలిసింది. వయసు అరవై దాటింది, చాలాకాలంగా ఒంట్లో బాగాలేదు. ఏటా జనవరిలో పది రోజులు సాగే జాతర ఆ ఏడాది అయిదు రోజులకు చిక్కిపోయినప్పుడే అయినవాళ్లకు సంగతి అర్థమైపోయింది. నిర్వాహకులైన బ్రిటిష్ మెరైన్ వారు, వచ్చే జనవరికి పడవలు తెచ్చి నిలబెట్టేందుకు చాలినన్ని కంపెనీలు ముందుకు రాలేదని చెప్పి దుప్పటి కప్పేశారు. వెంటనే పరామర్శలు మొదలయ్యాయి. రోజులు బాగాలేవట, చేతుల్లో డబ్బు ఆడడం లేదట, పడవల ప్రదర్శనలకే ఇక భవిష్యత్తు లేదట, కార్మికుల నోటికాడి కూడు పోతుందట. మాంద్యం తుమ్మినప్పుడల్లా వినిపించే ఏడుపే ఇది. 1991లో విన్నాం, 2009లో విన్నాం, 2012లో విన్నాం, వడ్డీలు పెరిగిన 2023లో మళ్లీ విన్నాం. మనసున్నవాళ్లం కనుక మనమూ రెండు కన్నీటిబొట్లు రాల్చాల్సిందే. కాకపోతే పోస్ట్‌మార్టం రిపోర్టు ఒకసారి చదివి రాలుద్దాం.

పుట్టినప్పుడు ఈ బిడ్డ ఇలా లేదు. 1950ల మధ్యలో డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక అండతో ఒలింపియాలో కళ్లు తెరిచి, కొన్నేళ్లకే ఎర్ల్స్ కోర్ట్ హాల్లోకి మారింది. అక్కడ నేల కింద పెద్ద కొలను ఉండేది. ప్రదర్శన రాగానే దాన్ని నీళ్లతో నింపి పడవల్ని తేల్చేవారు. జనవరి చలిలో ఆర్డరిస్తే వసంతానికి పడవ చేతికొస్తుంది, అదీ లెక్క. వచ్చేవాళ్లలో గుమస్తాలు, మేష్టర్లు, ఫ్యాక్టరీ పనివాళ్లు ఉండేవారు. ఏమీ కొనకుండా గిన్నిస్ బార్ దగ్గర స్నేహితుల్ని కలిసి ఇంటికెళ్లిన పుణ్యాత్ములకూ లోటు లేదు.

1963 జనవరి ప్రదర్శనలో ఒక వింత జరిగింది. ఎక్స్‌ప్రెస్‌కు పోటీ పత్రిక అయిన డెయిలీ మిర్రర్ తన పేరుతో ఒక చిన్న పడవను తెచ్చి నిలబెట్టింది. టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే బారీ బక్నెల్, పడవల రూపశిల్పి జాక్ హోల్ట్ కలిసి చేసిన మిర్రర్ డింగీ అది. ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు, ఆ రోజుల్లో ఒక కార్మికుడి సుమారు నెల సంపాదన. ప్లైవుడ్ ముక్కలు ఇంటికి తెచ్చుకుని, రాగి తీగతో కుట్టి, కుట్ల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించుకుంటే పడవ తయారు. గ్యారేజీ లేనివాళ్లు ముందుగదిలోనే కట్టుకున్నారు. ఎర్ర తెరచాపతో అలాంటివి 70 వేలకు పైగా నీళ్లెక్కాయి. అమ్మేవాడికి లాభం, కొన్నవాడికి సరదా, ఎవడికీ అప్పు లేదు. ఇలాంటి వ్యాపారాన్ని వ్యాపారస్తులు ఎంతకాలమని సహిస్తారు?

సహించలేదు. 2004లో ప్రదర్శన థేమ్స్ పక్కన పాత రేవు మీద కట్టిన ఎక్సెల్ భవనంలోకి వెళ్లింది. చదరపు మీటరుకు అద్దె, దానిపై కార్పెట్టు, దానిపై లైట్లు, లైట్ల కింద నవ్వే అమ్మాయిలు. డింగీలు కట్టుకునే చిన్న కంపెనీ ఆ ఖర్చు చూసి దండం పెట్టి పక్కకు తప్పుకుంది. ఖాళీ అయిన చోట మూడంతస్తుల మోటారు యాట్ వచ్చి కూర్చుంది. దాని ముందు తాడు కట్టారు, తాడు పక్కన సూటేసుకున్న మనిషిని నిలబెట్టారు, అతని చేతికి పేర్ల జాబితా ఇచ్చారు. అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లే పైకి. అదృష్టం కలిసొచ్చి ఎక్కనిచ్చినా, టేకు చెక్క పాడవుతుందని గుడి ముందు విప్పినట్టు బూట్లు విప్పి బుట్టలో పెట్టాలి. లోపల మూలవిరాట్టు ఉంటుందనుకునేరు, ఐస్ ముక్కలు చేసే యంత్రం ఉంటుంది. మేజోళ్లతో మెల్లగా నడిచి, మెత్తటి సోఫాను వేలితో తాకి, ధర అడగడానికి సిగ్గుపడి దిగి రావడం, ఇంతే దర్శనం. దీనికి టికెట్టు కొనాలి. ఇంకొకడి సంపదను చూడ్డానికి సొంత జేబులోంచి డబ్బు కట్టే ఆచారం ప్రజాస్వామ్య దేశాల్లోనే ఇంత బాగా వేళ్లూనుకోవడం గమనించదగ్గది.

సరే, మాంద్యం దగ్గరికొద్దాం. అమెరికాలో పడవ కొనేవాళ్లలో ఎక్కువమంది కోటీశ్వరులు కారు. అది ఆ వ్యాపారం దాచుకునే రహస్యం. 2008కి ముందు అక్కడ ఇంటి ధర ఏటా పెరుగుతుందని అందరికీ భరోసా. పెరిగిన ధర మీద ఇంకో అప్పు, ఆ అప్పుతో ముప్పై అడుగుల పడవ, తీర్చడానికి పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు. మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ ప్రదర్శనల్లో పడవ పక్కనే ఫైనాన్సువాడి బల్ల ఎందుకుంటుందనుకున్నారు? ఇంటి ధర కూలగానే పడవకు కట్టాల్సిన వాయిదా, దాన్ని నిలిపే మెరీనా అద్దె, బీమా, అన్నీ కలిసి మెడకు చుట్టుకున్నాయి. కొనేవాడు లేడు. 2009 వసంతానికి అమెరికా తీరమంతా దిక్కులేని పడవలు. రిజిస్ట్రేషన్ నంబరు గీకేసి, పేరు చెరిపేసి, రాత్రికి రాత్రి వాగులో వదిలేసి వచ్చినవాళ్లు కొందరు, బీమా కోసం ముంచేసినవాళ్లు కొందరు. ఏడాది క్రితం ఆ పడవ ముందే షాంపేన్ గ్లాసుతో ఫొటో దిగినవాళ్లే వీళ్లు. అదే ఏడాది జూన్ 1న, లార్సన్, గ్లాస్ట్రాన్, ఫోర్ విన్స్ వంటి పేర్లతో మధ్యతరగతికి పడవలు అమ్మిన జెన్‌మార్ సంస్థ దివాలా కోర్టు మెట్లెక్కింది. ఎక్కినవాళ్లు వకీళ్లు, దిగినవాళ్లు మినసోటాలో ఫైబర్‌గ్లాస్ పూసే కూలీలు.

కూలీ పేరెత్తాం కనుక పన్ను కథ కూడా చెప్పుకోవాలి. 1990లో పెద్ద బుష్ ప్రభుత్వం, లక్ష డాలర్లు దాటిన పడవ మీద ఆ పై మొత్తానికి పది శాతం విలాసపు పన్ను వేసింది. మాంద్యమూ అప్పుడే వచ్చింది. ధనవంతులు కొత్త పడవ కొనడం మానేశారు. వాళ్లకేం పోయింది, పాత పడవలోనే తిరిగారు, లేదా బహామాస్‌లో కొన్నారు. న్యూజెర్సీ, రోడ్ ఐలండ్‌లలో యార్డుల వడ్రంగులు మాత్రం పనిముట్ల పెట్టెలు సర్దుకున్నారు. అప్పుడు పరిశ్రమ పెద్దలకు ఒక గొప్ప విషయం తట్టింది: తమ తరఫున ఏడవడానికి వడ్రంగిని మించినవాడు లేడు. వడ్రంగిని ముందు నిలబెట్టి వాషింగ్టన్ వెళ్లారు. 1993లో పన్ను రద్దయింది. వడ్రంగి కష్టాలు నిజమే, నేనేమీ వెక్కిరించడం లేదు. కానీ ఆర్డర్లు బాగున్న ఏళ్లలో అదే వడ్రంగిని వేదికెక్కించి పూలదండ వేసిన బోట్ షో ఒక్కటైనా మీకు గుర్తుందా? అతని వంతు వచ్చేది కాటికి మోసేటప్పుడే.

ఇటలీలో అయితే ఈ నాటకం మరింత రక్తి కట్టింది. 2012లో మారియో మోంటీ ప్రభుత్వం, దేశం అప్పుల్లో మునుగుతోంది కదా అని యాట్‌ల మీద పన్ను పెట్టింది. పన్ను పోలీసులు మెరీనాల్లో నిలబడి పడవ యజమానుల పేర్లు రాసుకుని ఆదాయపు లెక్కలతో సరిచూశారు. ఏడాదికి 20 వేల యూరోల లోపే సంపాదిస్తున్నామని కాగితం మీద చూపిన పేదల పేర పెద్దపెద్ద పడవలు వేల సంఖ్యలో తేలాయి. ఇంత పేదరికంలోనూ సముద్రం మీద అంత ప్రేమ! పాపం వాళ్లంతా లంగరెత్తి క్రొయేషియాకు, కోర్సికాకు శరణార్థులై వెళ్లారు. 1962 నుంచి జరుగుతున్న జెనోవా ప్రదర్శన బక్కచిక్కిపోయింది. ఆ పన్నునూ తర్వాత కొద్దికొద్దిగా వెనక్కి తీసుకున్నారు.

అదే ఏడాది, ఇటలీ యాట్‌లలో పేరుగాంచిన ఫెరెట్టీ అప్పులు తీర్చలేక అమ్ముడుపోయింది. కొన్నదెవరు? లారీలకు డీజిల్ ఇంజన్లు చేసే చైనా సంస్థ వైచాయ్, దాన్ని ఏలే షాన్‌డాంగ్ హెవీ ఇండస్ట్రీ బృందం. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నారు మనవాళ్లు. బళ్లవాళ్లే ఓడల్ని కొనేస్తారని ఊహించలేకపోయారు. మరుసటి ఏడాది జేమ్స్ బాండ్ సినిమాల్లో దూసుకెళ్లిన బ్రిటిష్ సన్‌సీకర్ కూడా చైనా వాండా చేతికి వెళ్లింది. వాండా అంటే భవనాలు, సినిమా హాళ్లు. ఆ తర్వాత వాండా తానే అప్పుల ఒత్తిడితో హోటళ్లు అమ్ముకుంది. అయినా పూల్ పట్టణంలో సన్‌సీకర్ యార్డు నిలబడింది. నార్తాంప్టన్‌షైర్‌లోని ఫెయిర్‌లైన్‌కు ఆపాటి మేనమామ సమయానికి దొరకలేదు. 2015 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, అది దివాలా తీసి వందలమంది పనివాళ్లను ఇంటికి పంపింది. లండన్ షో తెర లేవడానికి నెల అటూఇటూగానే ఉంది.

ఇన్ని కష్టాల్లో అసలైన శ్రీమంతులు ఎక్కడున్నారని మీరు అడగొచ్చు. ఎక్కడా ఇబ్బంది పడలేదు కనుకనే కనబడలేదు. బ్రిటన్‌లో ధరలు 2022 అక్టోబరుకు ఏడాదిలో 11.1 శాతం పెరిగి, జనం హీటరు వేసుకోవాలా అన్నం వండుకోవాలా అని తేల్చుకుంటున్న ఆ ఏడాదే, ప్రపంచమంతటా 24 మీటర్లు దాటిన యాట్‌ల ఆర్డర్లు వెయ్యికి పైగా పుస్తకాల్లో ఉన్నాయి. వాటిని కొన్నవాళ్లెవరూ ఎక్సెల్ భవనంలో బూట్లు విప్పి వరసలో నిలబడలేదు. జెఫ్ బెజోస్ తన 127 మీటర్ల యాట్ కోరును నెదర్లాండ్స్‌లోని ఓషన్‌కో యార్డులో కట్టించుకున్నారు. దాని తెరచాప స్తంభాలు వంతెన కింద పట్టవని రాటర్‌డామ్‌లోని చరిత్రాత్మకమైన డె హెఫ్ వంతెన మధ్యభాగాన్ని విప్పుదామన్నారు. ఊళ్లోవాళ్లు కుళ్లిన గుడ్లతో సిద్ధమయ్యేసరికి ఆ ఆలోచన మానుకుని, స్తంభాలు లేకుండా ఇంకో దారిన లాక్కెళ్లారు. ఒక బోట్ షో నిర్వాహకుడు జీవితాంతం కష్టపడినా రాని ప్రచారం, టికెట్టు లేకుండా వచ్చింది.

ఆ ఓషన్‌కో యార్డులోనే 2000లో పుట్టిన ఇంకో నౌక మనకు దగ్గరి చుట్టం, ఇండియన్ ఎంప్రెస్. మన బ్యాంకులు 9,000 కోట్లకు పైగా బాకీ ఉన్నాడని వెంటపడిన విజయ్ మాల్యాది. సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందలేదన్న ఫిర్యాదుతో 2018 మార్చిలో మాల్టా అధికారులు దాన్ని రేవులోనే పట్టి ఉంచారు, ఆ ఏడాదే వేలం వేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని సామెత కట్టిన పూర్వీకులెవరో గాని, వాళ్ల దూరదృష్టికి మొక్కాలి. అక్కడా జీతం కోసం కోర్టుకెక్కినవాళ్లు డెక్కు తుడిచేవాళ్లు, వంటవాళ్లు, ఇంజన్ గది మనుషులు.

పడవల ప్రదర్శనల జాతి అంతరించిపోతోందని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. సౌతాంప్టన్‌ది 2020లో తెర లేవడానికి ముందురోజే కోవిడ్ పేరుతో నగరపాలక సంస్థ ఆపేసినా మళ్లీ లేచింది. అది నీళ్ల మీద జరుగుతుంది, చిన్నవాళ్లకు ఇంకా మూల దొరుకుతుంది. పారిస్‌ది 2023లో రద్దయింది. డ్యూసెల్‌డోర్ఫ్‌లో 2019లో దాదాపు రెండున్నర లక్షలమంది వచ్చారు, కోవిడ్ తర్వాత ఆ అంకె మళ్లీ కనబడలేదు. మొనాకోకు మాత్రం ఏ జబ్బూ లేదు. రోజు టికెట్టే వందల యూరోలు, చూడ్డానికి వచ్చే పేదల బెడద లేదు. మాంద్యం వచ్చినప్పుడు చచ్చేది ఏ షో, బతికేది ఏ షో అని ఇక జ్యోతిష్కుణ్ని అడగనక్కర్లేదు. జీతగాళ్ల కోసం పుట్టి, జీతగాళ్లను వెళ్లగొట్టి, శ్రీమంతుల్ని రమ్మని గడపలో నిలబడి, వాళ్లు రాక, వీళ్లు తిరిగి రాక, మధ్యలో నిలిచిపోయినవే పోతున్నాయి. లండన్‌ది ఆ చావే. మాంద్యం వచ్చి చంపలేదు, వచ్చి బిల్లు మాత్రమే అడిగింది.

కనుక రేపు ఇంకో ఊళ్లో ఇంకో ప్రదర్శన మూతపడబోతూ, పన్ను మినహాయింపు కావాలనీ, సర్కారు ఆదుకోవాలనీ, వడ్రంగుల బతుకులు చూడమనీ అర్జీ పట్టుకుని వస్తే ఏం చేయాలో చెప్తాను. వడ్రంగికి ఇవ్వదలచింది నేరుగా వడ్రంగి చేతికే ఇవ్వండి. అర్జీ పట్టుకొచ్చిన పెద్దమనిషిని ఒక్క ప్రశ్న అడగండి: నెల జీతంతో కొనగలిగే పడవ మీ హాల్లో ఎన్నో నంబరు స్టాల్లో ఉంది? జవాబు రాకపోతే అర్జీ వెనక్కిచ్చేయండి. ఆ ప్రదర్శనకు ప్రజల సొమ్ము ఒక్క పైసా కూడా దండగే.