మైకులో పిలిచిన పేరు
కిరాయి ఆటగాళ్లను తెచ్చే తమ్ముడికి బహిరంగ లేఖ

నారాయణఖేడ్

తమ్మీ,

నీ పేరు నాకు తెలుసు. మన ఖేడ్‌లో చాలామందికి తెలుసు. అయినా ఈ ఉత్తరంలో రాయను. మనిషికి పేరు ఎంత విలువైందో చెప్పడానికి కూర్చున్నవాణ్ణి, నీ పేరును బజారున పెట్టి మొదలుపెట్టలేను. ఎక్కడ టోర్నమెంట్ పెడుతున్నారన్నా ఫోన్లు కలిపి, బీదర్ నుంచి ఇద్దరిని, జహీరాబాద్ నుంచి ఒకణ్ణి, పట్నం నుంచి ముగ్గురిని జీపులో ఎక్కించుకొచ్చి, మన కాలేజీ జెర్సీ తొడిగి గ్రౌండులో దించేది నువ్వేనని చదివినవాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది.

నేను ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన పీఈటీని. మన దిక్కున కబడ్డీ, వాలీబాల్‌కు ఉన్నంత ఊపు ఫుట్‌బాల్‌కు లేదు. నాకు మాత్రం చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో పట్టుకున్న ఫుట్‌బాల్ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. నువ్వు చేసే పని మూడు ఆటల్లోనూ ఒకటే కాబట్టి, నాకు బాగా తెలిసిన ఆట పేరుమీదే మాట్లాడతాను.

పోయిన చలికాలం మన ఊరి రెండు కాలేజీల మధ్య జరిగిన ఫైనల్ గుర్తుంది కదా. ఆ రెండు కాలేజీలకు ఎప్పటినుంచో పడదు. అన్న ఒక కాలేజీలో, తమ్ముడు ఇంకో కాలేజీలో ఉన్న ఇంట్లో ఆ వారమంతా తల్లి ఇద్దరికీ వేర్వేరుగా అన్నం పెట్టాల్సిందే. ఆ పోటీ అంటే నాకు ప్రాణం. ఊరికి అది పండగ లాంటిది. ఆ రోజు రెండో సగంలో నీ జట్టు పిలగాడొకడు ఇద్దరిని తప్పించుకుని ఎడమ కాలితో గోలు కొట్టాడు. మంచి గోలు, కాదనను. మైకులో వాడి పేరు చెప్పారు. గ్రౌండంతా చప్పట్లు కొట్టింది.

ఆ పేరుగలవాడు నా పక్కన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

ఆరో తరగతి నుంచి నా దగ్గర ఆడిన తండా పిలగాడు వాడు. బూట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. వాడి ఐడీ కార్డు మీద, వాడి బోనఫైడ్ మీద నీ కిరాయి ఆటగాడు ఆడుతున్నాడు. వాడు చప్పట్లు కొట్టలేదు. నా దిక్కు చూసి, "సార్, నా పేరు పిలుస్తున్నరు" అన్నాడు. ఇన్నేళ్లలో ఏ పిలగాడి మాటా నన్ను అంతగా కలచివేయలేదు. ఆ రాత్రి తండాలో ఎవరో వాడి తండ్రితో, "మీ పోరడు గోలు కొట్టిండంట గదా" అన్నారట. తండ్రి మురిసిపోయాడు. కాదని చెప్పడానికి కొడుక్కి నోరు రాలేదు. చెయ్యని పనికి తండ్రి పెట్టిన ముద్దును తలవంచుకుని భరించాడు. తమ్మీ, ఆ రోజు నువ్వు గెలిచిన కప్పు ఎంత బరువుందో నాకు తెలియదు. ఆ ముద్దు బరువు మాత్రం నాకు తెలుసు.

నిన్ను అడిగితే ఏమంటావో కూడా తెలుసు. బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ నాతోనే అన్నావు: "సార్, అవతలోళ్లు తెస్తున్నరు. మనం తేకుంటే ఓడిపోతం. అయినా ఆటగాడు ఒక్కచోటే ఎందుకుండాలె? మెస్సీ బార్సిలోనా ఇడిచి పోలేదా?"

పోయాడు. 2021లో బార్సిలోనా వదిలి పారిస్ వెళ్లాడు. అయితే మెస్సీగానే వెళ్లాడు. ఆటగాడు కదలడం తప్పని నేను ఏనాడూ అనలేదు. మంచి ఆటగాడు పెద్ద నీళ్లు వెతుక్కుంటూ పోతాడు, పోవాలి కూడా. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర సగం అలా వెళ్లినవాళ్ల చరిత్రే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అంతకుముందే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టును తయారుచేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా హైదరాబాదీయే, బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ కలకత్తా దారి పట్టాడు. ఈస్ట్ బెంగాల్‌కూ ఆడాడు, మోహన్ బగాన్‌కూ ఆడాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు, ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. 2023 ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టులో హబీబ్ కన్నుమూశారు. కలకత్తా కూడా వాళ్లను తనవాళ్లనుకునే ఏడ్చింది.

ఆ కలకత్తా క్లబ్బుల మధ్య ఆటగాళ్ల కోసం జరిగిన లాగులాట ముందు మన ఖేడ్ గొడవలు ఎంత! సంతకాల సీజన్ వచ్చిందంటే ఎదుటి క్లబ్బు ఎత్తుకుపోతుందేమోనని ఆటగాళ్లను ఇళ్లల్లో దాచిపెట్టేవాళ్లు. ఎంత దాచినా చివరికి ఆటగాడు అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్ఏ ఆఫీసుకు తన కాళ్లతో నడిచి వెళ్లి, తన పేరు తానే సంతకం పెట్టాలి. అప్పుడే అది బదిలీ. హబీబ్‌ను ఎవరూ ఇంకొకడి పేరుతో ఆడించలేదు. అందుకే హైదరాబాద్ పేరు కూడా హబీబ్ వెంట కలకత్తా దాకా వెళ్లింది.

అంత వెనక్కి వద్దంటే ఇప్పటి సంగతే చూడు. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. ఒకప్పుడు మన పక్క జిల్లానే. గోకులం కేరళకు ఆడింది, 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. ఎన్ని జెర్సీలు మారినా ప్రతి జట్టు జాబితాలో రాసింది సౌమ్య అనే. మన చుట్టూ ఎన్ని తండాలున్నాయి తమ్మీ! వాటిలో ఇంకో సౌమ్య ఉంటే, ఈ రోజు ఆ బిడ్డ ఎవరి పేరుమీద ఆడుతోందో అన్న ఆలోచన వస్తే నాకు నిద్రపట్టదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా దగ్గర 'ఆటగాడి పాస్‌పోర్టు' అని ఒక కాగితం ఉంటుంది. విమానం ఎక్కడానికి చూపేది వేరు. ఆటగాడికి 12 ఏళ్లు నిండిన సంవత్సరం నుంచి ఏయే క్లబ్బులో నమోదయ్యాడో అందులో వరసగా రాస్తారు. ఒప్పందం ముగియకముందే పెద్ద క్లబ్బొకటి దేశం దాటి వాణ్ణి కొనుక్కుంటే, ఆ సొమ్ములో ఐదు శాతం తీసి, 12 నుంచి 23 ఏళ్ల మధ్య వాడికి ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. కోట్లు చేతులు మారే చోట కూడా మొదట బంతి ఇచ్చిన చిన్న క్లబ్బును లెక్కలో రాస్తారన్నమాట. నాకు ఐదు శాతం అక్కర్లేదు. వాణ్ణి ఖేడ్ గ్రౌండు పెంచిందని ఒక్క వరుస ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. నువ్వు ఆ వరుసను చెరిపేస్తున్నావు.

చిన్న కాలేజీ కిరాయివాళ్లు లేకుండా గెలవలేదన్న మాటకు కూడా జవాబు చెబుతాను. మన ఖేడ్ పిల్లలు కూడా కొందరు అమెరికాలో చదువుతున్నారు. వాళ్లను అడుగు. అక్కడి ఫుట్‌బాల్ వేరు, కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. 2007 సెప్టెంబరు 1న నార్త్ కరోలినా కొండల్లో ఉన్న అపలాచియన్ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీ జట్టు మిషిగన్ వాళ్ల స్టేడియానికి వెళ్లింది. లక్షా తొమ్మిది వేలకు పైగా జనం. మిషిగన్ అప్పుడు దేశంలో ఐదో ర్యాంకు జట్టు. చిన్న జట్లను ఇలా పిలిపించి, డబ్బిచ్చి, ఓడించి పంపడం అక్కడ రివాజు. ఆ రోజు మాత్రం చిన్న జట్టే 34-32తో గెలిచింది. సొంత పిల్లలతోనే గెలిచింది. ఇప్పుడు అక్కడా బాధలున్నాయి. 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల చిన్న కాలేజీలో మెరిసిన పిలగాడు మరుసటేడుకు పెద్ద కాలేజీకి వెళ్లిపోతున్నాడు. చిన్న కాలేజీల కోచ్‌ల గోస నాకు అర్థమవుతుంది. అయినా వెళ్లే పిలగాడు తన పేరు తానే చెప్పి నమోదు చేయించుకుంటాడు, అందరికీ తెలిసేలా వెళతాడు.

నువ్వు చేసేది ఇంతటితో ఆగితే నేను ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. బయటివాళ్లను ఇక్కడికి తెచ్చినట్టే మన పిల్లలను బయటికి తీసుకుపోతున్నావు. చేతిలో ఐదువందలు, రాత్రికి బిర్యానీ. కర్ణాటకలో ఒక పేరు, మహారాష్ట్రలో ఇంకో పేరు. నా దగ్గర నేర్చుకున్న గోల్‌కీపర్ ఒకడు అలాంటి ఆటలోనే మోకాలు పోగొట్టుకున్నాడు. దవాఖానా ఖర్చు ఎవరిని అడగాలి? నిర్వాహకుల కాగితంలో ఆ రోజు వాడు ఆడనేలేదు, ఆడింది ఇంకెవరో. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు రెండు శాతం కోటా ఉంది. దానికి సర్టిఫికెట్ కావాలి. నీ జీపెక్కి మూడేళ్లు ఆడినవాడి చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేదు. వాడు కొట్టిన గోల్స్‌కు వచ్చిన సర్టిఫికెట్లు ఎవరెవరి ట్రంకుపెట్టెల్లోనో ఉన్నాయి. చెమట ఒకడిది, కాగితం ఇంకొకడిది.

గ్రౌండును కూడా ఒకసారి చూడు. ఇదివరకు ఫైనల్‌కు నెల ముందునుంచే పొద్దున ఐదింటికి రెండు కాలేజీల పిల్లలూ వచ్చి చెరో సగంలో ప్రాక్టీసు చేసేవాళ్లు. ఇప్పుడు రావడం లేదు. "ఎట్లాగూ బయటోళ్లనే ఆడిస్తరు గదా సార్" అంటున్నారు. రెండు కాలేజీల పోటీ కాస్తా రెండు జీపుల పోటీ అయిపోయింది. ఓడినవాళ్లకు ఏడుపు రావడం లేదు, గెలిచినవాళ్లకు రాత్రి నిద్రపట్టనంత సంతోషమూ రావడం లేదు. ఆట అయిపోగానే కిరాయివాళ్లు లెక్క చూసుకుని వెళ్లిపోతారు. కప్పు ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో దుమ్ము పట్టి ఉంటుంది.

2024 డిసెంబరు 31న నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లాను. సంతోష్ ట్రోఫీ ఫైనల్, బెంగాల్‌కూ కేరళకూ. తొంభై నిమిషాలు గడిచినా గోలు లేదు. ఇంజురీ టైమ్‌లో బెంగాల్ పల్లె కుర్రాడు రొబీ హాన్స్‌దా గోలు కొట్టాడు. బెంగాల్ 1-0తో కప్పు ఎత్తుకుంది. తిరిగొచ్చేటప్పుడు సంగారెడ్డి దాటేదాకా మా పిల్లలు "రొబీ హాన్స్‌దా, రొబీ హాన్స్‌దా" అంటూనే ఉన్నారు. అతని ఊరు ఎక్కడో వాళ్లకు తెలియదు, అతని భాష తెలియదు. పేరు ఒక్కటే వాళ్ల వెంట బస్సెక్కింది. ఆ నలుగురిలో ఒకడే, తర్వాత వేపచెట్టు కింద కూర్చున్నవాడు.

తమ్మీ, మన ఊరే బదిలీ మీద వచ్చిన ఊరు. 1956 నవంబరు 1న బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాకు వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. ఈనాటికీ మన సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలిసి వినిపిస్తాయి. జిల్లాలు మారాయి, రాష్ట్రం మారింది, ఖేడ్ మాత్రం ఖేడ్‌గానే ఉంది. ఎక్కడికి కదిలినా పేరు పోగొట్టుకోకపోవడం ఈ మట్టిలోనే ఉంది.

నీలో గొప్ప విద్య ఉందని నాకు తెలుసు. ఏ ఊళ్లో ఏ పిలగాడి కాలు బాగుందో నీకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు. ఆ కన్ను నాకు కావాలి. నాలుగు పనులు అడుగుతున్నాను. మొదటిది, బయటి పిలగాడు మనకు ఆడాలంటే ముందు ఇక్కడ అడ్మిషన్ తీసుకుని చదవాలి. రెండోది, మన పిలగాణ్ణి బయటికి పంపితే పేరు, పుట్టిన తేదీ, నేర్పిన బడి రాసిన కాగితంతో పంపు. జిల్లా సంఘంలో నమోదు చేయిద్దాం, ఆ కాగితాలు నింపే పని నాది. మూడోది, దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారో జీపెక్కకముందే వాడి తల్లిదండ్రులకు చెప్పు. నాలుగోది, ఫైనల్ రోజున ఆటకు ముందు రెండు జట్లూ వరసగా నిలబడాలి. ఒక కెప్టెన్ పేర్లు చదువుతుంటే ఇంకో కెప్టెన్ ఐడీ కార్డు పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూడాలి.

ఇలా చేస్తే మొదటి ఏడాది ఓడిపోతామేమో. ఓడిపోదాం. మన పేర్లతో ఓడిపోదాం. ఆ ఓటమి మరుసటి రోజు పొద్దున ఐదింటికి పిల్లలను గ్రౌండుకు లాక్కొస్తుంది. నాకు నమ్మకముంది.

ఆ పిలగాడు ఆట మానలేదు. రోజూ సాయంత్రం గోడకు బంతి కొట్టి ఎడమ కాలు సాధన చేస్తున్నాడు. ఎడమ కాలే ఎందుకని నేను అడగలేదు. ఒకసారి వచ్చి చూడు. వచ్చే ఫైనల్‌లో మైకు దగ్గర నన్ను కూర్చోబెట్టమని నిర్వాహకులను అడిగాను, సరేనన్నారు. వాడి పేరు నేనే పిలుస్తాను. పిలిచినప్పుడు గ్రౌండు మధ్యలోంచి చెయ్యెత్తేది వాడే కావాలి.

నీ మేలు కోరే,
ఒక పాత పీఈటీ సారు