తొంబై తొమ్మిది

మెదక్ చర్చిలో అయిదువేలమంది పడతారంటారు. 1924 క్రిస్మస్ నాటి ప్రతిష్ఠ సంగతేమో గానీ, మామూలు ఆదివారాల్లో ముందు బల్లల్లో సంఘస్థులు, వెనక బల్లల్లో చర్చి చూడవచ్చినవాళ్లు. మధ్య బల్లలు ఖాళీ.

వానాకాలం. ఆ ఆదివారం వాక్యం చెప్పడానికి వేరే ఊరి అయ్యగారు వచ్చారు. తప్పిపోయిన గొర్రె ఉపమానం ఎత్తుకున్నారు. కాపరి తొంబై తొమ్మిది గొర్రెలనూ అడవిలో విడిచిపెట్టి, ఆ ఒక్కదాన్ని వెతుక్కుంటూ బయల్దేరాడు. ముళ్లు దాటాడు. లోయలోకి దిగాడు.

అక్కడ అయ్యగారి చూపు ఆగింది. ముందు బల్లలో ఒక అవ్వ కళ్లు మూసుకుని తల వాల్చేసింది. చిట్టచివరి బల్లలో నీలం చొక్కా ఆయన మెడ నిక్కించి, రెప్ప వాల్చకుండా ఇటే చూస్తున్నాడు.

"ఒక్కసారి వెనక్కి తిరగండి," అన్నారు అయ్యగారు.

సంఘం తిరిగింది.

"ఆయనది ఏ ఊరో, ఏ మతమో. వాక్యం కోసం ఆ కళ్లు ఎంత ఆకలిగొన్నాయో చూడండి! కరువులో జనానికి పని చూపించి, కూడు పెట్టి పోస్నెట్ దొర కట్టించిన గుడి ఇది. మీ తాతలు రాళ్లు మోశారు. మీరు కునుకు తీస్తున్నారు."

అవ్వ కళ్లు తెరవలేదు.

మిగతా ప్రసంగమంతా అయ్యగారు నీలం చొక్కా ఆయనకే చెప్పారు. ఊపు మీద ముప్పావు గంట చెప్పి, ప్రార్థన చేసి ముగించారు.

ఆరాధన కాగానే గుమ్మం దగ్గర ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నారు.

"వాక్యంలో ఏ మాట మిమ్మల్ని అంతగా కదిలించింది?"

ఆయన నవ్వి, హిందీలో ఏదో అన్నాడు. సంఘపెద్ద అందుకున్నాడు.

"నాందేడ్ నుంచి వచ్చారటయ్యా. తెలుగు రాదట. వేదిక వెనక క్రీస్తు ఆరోహణం రంగుటద్దాల కిటికీ ఉంది కదా, ఎండ పడితేనే దాని అందమని ఎవరో చెప్పారట. మబ్బు విడుస్తుందేమోనని పొద్దుట్నుంచీ చూస్తున్నారట."

అయ్యగారు చెయ్యి వదిలేశారు.

కర్ర పొడుచుకుంటూ అవ్వ వచ్చింది. "వందనాలయ్యా."

"వందనాలమ్మా. నిద్ర బాగా పట్టిందా?"

"కండ్లు మూస్తెనే నాకు మంచిగ ఇనపడ్తదయ్యా," అంది అవ్వ. "గొర్రెను దేవులాడవోయిన కాపరి మళ్ల రాలే. తొంబై తొమ్మిది ఇంక అడవిల్నే ఉన్నయి."