తెల్లబోయిన నీళ్లు

కాలుష్య నివారణ యంత్రాల ప్రదర్శనకు వెళ్తే ఏదో ఒక స్టాల్లో రెండు గాజు సీసాలు తప్పకుండా దర్శనమిస్తాయి. ఒకదాంట్లో నేరేడుపండు రసంలా అద్దకం నీళ్లు. రెండోదాంట్లో తేట నీళ్లు. నడుమ టై కట్టుకున్న సేల్స్ ఇంజినీరు. "99 శాతం రంగు తీసేశామండీ!" అంటాడు. మరైతే ఓ గుక్క తాగి చూపించు నాయనా అనడం మర్యాద కాదు గనక ఎవరూ అనరు.

ఈ మహిమకు మూలపురుషుడు ఫెంటన్ అనే ఇంగ్లిషు రసాయనవేత్త. ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే టార్టారిక్ ఆమ్లం ఆక్సీకరణం చెందుతుందని 1894లో రాశాడు. ఆ కలయికలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ ఎదురుపడ్డ అణువునల్లా కొరికేసే బాపతు. బట్టల రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులే. రెండు నైట్రోజన్ల జంట బంధమే వాటి రంగుకు ఆయువుపట్టు. అక్కడ ఒక్క దెబ్బ పడితే చాలు, రంగు మాయం. బెంజీన్, నాఫ్తలీన్ వలయాల ముక్కలు మాత్రం నీళ్లలోనే హాయిగా ఈదుతుంటాయి. వాటికి రంగు లేదు కాబట్టి అవి లేనట్టే! నీళ్లలో మిగిలిన మలినాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే సీఓడీ కొలిస్తే బండారం బయటపడుతుంది. అది రంగంత వేగంగా తగ్గదు. అందుకే సీఓడీని స్టాలుకు పిలవరు.

పరిశోధకులైనా తక్కువ తిన్నారా? స్వేదనజలంలో చిటికెడు మిథిలీన్ బ్లూ కలుపుతారు. బీకరులో గంటసేపు తిప్పుతారు. నీలం పోయిందని పత్రం రాస్తారు. స్వేదనజలంతో అద్దకం వేసే మహానుభావుడు ఏ ఊళ్లో ఉన్నాడో వాళ్లే చెప్పాలి.

అసలు అద్దకం నీళ్లలో రంగుకంటే ఉప్పే ఎక్కువ. నూలుకు రియాక్టివ్ రంగు పట్టాలంటే, ముదురు రంగులకు లీటరుకు 50 గ్రాములకు పైగానే ఉప్పు పోస్తారు. బయటికి వదిలే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 2.1 గ్రాములు దాటకూడదని నిబంధన. ఫెంటన్ గారి మందు ఉప్పును రవ్వంత కూడా తగ్గించదు. పైగా ఉప్పులోని క్లోరైడ్, అద్దకంలో వాడే సోడాలోని కార్బొనేట్ తగిలితే ఆ రాడికల్ వాటిమీదే తన ప్రతాపమంతా ఖర్చు చేసుకుంటుంది. అదీ కాక ఈ మందు బాగా పనిచెయ్యాలంటే నీళ్లను పీహెచ్ 3కి దించాలి, అంటే ఆమ్లం పొయ్యాలి. తర్వాత సున్నమో కాస్టిక్ సోడానో వేసి మళ్లీ పైకి లేపాలి. అంటే ఉన్న లవణాలకు తోడు ఇంకొన్ని. అడుగున ఇనుప బురద పేరుకుంటుంది. అంటే జబ్బు నీళ్లలోంచి బస్తాల్లోకి మారింది, అంతే.

ఉప్పు ఏం చేస్తుందో తమిళనాడులోని అద్దకాల ఊరు తిరుప్పూరును అడగండి. నొయ్యల్ నదిమీద పొలాల కోసం ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టారు. అది చివరకు అద్దకం నీళ్ల తొట్టి అయింది. ఆ నీళ్లు మాకొద్దు మొర్రో అని రైతులే మొత్తుకున్నారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లన్నీ మూసెయ్యమంది. ఆ తర్వాతే ఉప్పును వడకట్టే ఆర్వో పొరలు, నీళ్లు ఇగర్చి ఉప్పు తీసే యంత్రాలు గట్టిగా నడిచాయి. ఖర్చు బోలెడు, కరెంటు బోలెడు. మీరూ నేనూ తొడుక్కునే బనియన్ ధరలో అది ఎంతో కొంత కలవాల్సిందే. కలపమంటే మనమే గొడవపడతాం, అది వేరే సంగతి.

ఆక్సీకరణం పనికిమాలినదని నేననను. సూక్ష్మజీవులు నమలలేని అణువులను ముందు చిన్న ముక్కలు చేసిపెట్టడానికి అది మంచి పనిముట్టే. ఆ ఒక్కదాన్నే పూర్తి శుద్ధి అని అమ్మడంతోనే నా పేచీ.

కాబట్టి ఈసారి ఎవరైనా రెండు సీసాలు చూపిస్తే మూడు అడగండి: సీఓడీ ఎంత తగ్గింది? టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, ఎంత? బురద ఎక్కడికి పోయిందో రసీదు ఉందా? ఇంజినీరుగారు "ముందు టీ తీసుకోండి సార్" అన్నారంటే మీకు జవాబు వచ్చేసినట్టే.