నెదర్లాండ్స్ దాకా ఎందుకు, చర్ల ఉండగా!

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళొచ్చిన మీ మేనత్త కొడుకు ఇంకా ఫోటోలు పెడుతూనే ఉన్నాడు కదా. తులిప్ తోట ముందు సైకిలు, గాలిమర ముందు సైకిలు, కాలవగట్టున సైకిలు, కింద రెండు డచ్చి ముక్కలు. మీకూ అలాంటి సెలవు కావాలి. కానీ షెంగెన్ వీసాకి మీ బ్యాంకు స్టేట్‌మెంటు బయటపెట్టే ధైర్యం లేదు. దిగులెందుకు? భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఛత్తీస్‌గఢ్ అంచున, చర్ల ఉంది. పక్కన గోదారి, తిరగడానికి అడవి, మీకు రాని భాష. ఇంకేం కావాలి?

ముందు చేరుకోవడం. ఉట్రెక్ట్ స్టేషన్లో 12,500 సైకిళ్ళు పెట్టుకునే గ్యారేజీ ఉంది, రైలు దిగగానే అద్దె సైకిలు దొరుకుతుంది. మీరు ‘భద్రాచలం రోడ్’ స్టేషన్లో దిగండి. దిగాక గుడి గోపురం కోసం చూడకండి, ఆ స్టేషనున్నది కొత్తగూడెంలో. భద్రాచలం ఇంకో 40 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల మరో 60. రైల్వేవాళ్ళు పేరులోనే ‘రోడ్’ అన్నారు, మీరే గమనించలేదు.

సైకిలు మాత్రం ఖరీదైందే తీసుకోండి. ఇరవయ్యొక్క గేర్లు, సన్నటి టైర్లు, ముందో కెమెరా. లేకపోతే ఎవరూ పలకరించరు. ఉంటే చెట్టు కింద కూర్చున్న ప్రతి పెద్దాయనా అడుగుతాడు: “ఏంది సారూ, బండి పాడైందా?” నెదర్లాండ్స్‌లో జనం కంటే సైకిళ్ళే ఎక్కువ, ప్రధానమంత్రి సైకిలు తొక్కినా ఎవరూ తలెత్తి చూడరు. ఇక్కడ కాస్త సంపాదన ఉన్న మగవాడు సైకిలెక్కాడంటే ఇంట్లో ఏదో జరిగిందనే. ఆరోగ్యం కోసమని చెప్పకండి, సుగర్ ఎంతుందని అడుగుతారు.

పంక్చరు తప్పదు. ఆ కొట్టు వేడుకను మాత్రం నిలబడి చూడండి. కుర్రాడు రెండు రేకులు దూర్చి టైరు అంచు పైకి లేపుతాడు, ట్యూబు లాగుతాడు, గాలి కొట్టి ఇనప తొట్టిలోని నల్లటి నీళ్ళలో అంగుళం అంగుళం ముంచుతాడు. బుడగ లేచిన చోట అగ్గిపుల్ల గుచ్చి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఊదుతాడు. ఇంత పనితనానికి అతనడిగే డబ్బు మీ టీ బిస్కట్లకు చాలదు. గేర్ల జోలికి మాత్రం వెళ్ళనివ్వకండి. వెళితే ఇరవయ్యొక్కటిలో ఒకటే మిగులుతుంది. దాంతోనే ఊరంతా బతుకుతోంది కాబట్టి కంగారక్కర్లేదు.

దారుల సంగతి. డచ్చివాళ్ళు సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఓ అంకె ఇచ్చి బోర్డు పాతారు. అంకెలు చీటీ మీద రాసుకుంటే చాలు, దేశమంతా తిరిగేయొచ్చు. ఇక్కడ బోర్డు బదులు మనిషి ఉంటాడు. ఎంత దూరమని అడిగితే “కూతవేటే సారూ” అంటాడు. అడవిలో ఆ కూత వాగు దాటి, గుట్ట చుట్టి, అవతలి గూడెం దాకా వినపడుతుందని మీరు అర్థం చేసుకోవాలి.

ఎత్తులంటే భయపడేవారికి యూరపులోని డచ్చి నేల మంచిది, అక్కడ ఎత్తైన చోటే 322 మీటర్లు. అందుకని వాళ్ళకు కష్టం కరువై, సముద్రపు కట్ట మీద గేర్లులేని సైకిళ్ళతో ఎదురుగాలి పోటీ పెట్టుకున్నారు. చర్లలో మే నెల మధ్యాహ్నం, గేర్లులేని పాత సైకిలు మీద మూట వేసుకుని తొక్కేవాళ్ళున్నారు. పతకాలు ఇంకా మొదలుకాలేదు.

నీటి విషయంలో మాత్రం రెండు చోట్లా ఒకటే జాగ్రత్త. పెదమిడిసిలేరు దగ్గర తాలిపేరు ప్రాజెక్టుకు 25 గేట్లు. వానాకాలం అవి లేచినప్పుడు వంతెన మీద సెల్ఫీ తీసుకుని వెనక్కి తిరగండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ రోజుల్లో భద్రాచలం-చర్ల దారి మీద సైకిలు కంటే నాటు పడవ నయం. డచ్చివాళ్ళు సముద్రమట్టం కంటే కిందుండే నేలను కట్టలు పోసి కాపాడుకుంటారు. మనం అడుగులు లెక్కపెట్టుకుంటాం.

సరిహద్దు వైపు వెళితే బలగాల క్యాంపుల దగ్గర ఆపుతారు. ఎక్కడికని అడిగితే “ఊరికే” అనకండి. దశాబ్దాలుగా ఒకవైపు మావోయిస్టులు, మరోవైపు బలగాలు తిరిగిన ఈ అడవిలో ఊరికే తిరిగే మనిషంటే ఇద్దరికీ అనుమానమే. ఆధార్ కార్డు పైజేబులో పెట్టుకోండి.

ఇక భాష నేర్చుకునే సంగతి. డచ్చే కావాలని పట్టుబడితే మీరు మూడు శతాబ్దాలు ఆలస్యం. 17వ శతాబ్దంలో ఖమ్మం దగ్గరి నాగులవంచలోనే డచ్చి కంపెనీకి కొఠీ ఉండేది. కంపెనీలో పనిచేసిన డేనియల్ హావార్ట్, కోరమాండల్‌లో తమ వ్యాపారం లేచి పడిన కథను 1693లో పుస్తకంగా వేశాడు కూడా. ఇప్పుడక్కడ డచ్చిలో పలికేవారు లేరు. కాబట్టి చర్ల గూడేల్లో మాట్లాడే కోయ నేర్చుకోండి.

గురువులకు కొదవలేదు, అందరూ దూరపువాళ్ళే అన్నది వేరే మాట. దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 19వ శతాబ్దంలోనే కోయల గురించీ వాళ్ళ మాట గురించీ రాశాడు. గొమ్ముకోయల భాషకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియాలో అచ్చయింది. వందల ఏళ్ళుగా పక్కనే ఉన్న మనకు తీరిక దొరకలేదు, పాపం. ప్రభుత్వం 2004 ప్రాంతంలో మాతృభాషా బోధన మొదలుపెట్టి, తెలుగు లిపిలో కోయ వాచకాలు వేయించింది. దొరికితే ఒకటో తరగతిదే తెచ్చుకోండి, అంతకు మించి వద్దు.

అసలు చిక్కు వేరే. ఆమ్‌స్టర్‌డామ్‌లో మీరు డచ్చిలో కాఫీ అడిగితే ఇంగ్లీషులో బదులిస్తారు, ఇక్కడ కోయలో మొదలుపెడితే తెలుగులో ముగిస్తారు. గూడెంలో దాహమేసి, పుస్తకంలో చూసుకుని “ఏరు” అనండి. కోయలో నీళ్ళన్నమాట. వేలితో వాగు చూపిస్తారు. మీరు తెలుగే మాట్లాడతారని వాళ్ళకు గట్టి నమ్మకం. రేషను షాపులో, ఆస్పత్రిలో, ఎమ్మార్వో ఆఫీసులో ఆ నమ్మకం వాళ్ళను ఎన్నడూ మోసం చేయలేదు.

పట్టుదల మీకుంటే సంతకు వెళ్ళండి. ఇప్పపువ్వు కుప్ప ముందు కూర్చున్న ముసలమ్మతో, “అవ్వా” అని పిలిచి, వచ్చిన రెండు కోయ ముక్కలూ అనండి. ఆమె పక్కావిడ వైపు తిరిగి పడీపడీ నవ్వుతుంది. తరవాత తెలుగులో మాట్లాడితే మీరు తప్పినట్టు. కోయలోనే గబగబా ఏదో అంటే పాసైనట్టు. ఏమందో మీకు బోధపడదు, తలూపి అడిగినంత ఇచ్చేయండి. బేరమాడే దాకా రావాలంటే వచ్చే ఏడు కూడా సెలవు పెట్టాలి.